స్మార్ట్ కిచెన్ స్కేలు
ఆహారాన్ని తూచి, ఆ బరువును బ్లూటూత్ ద్వారా ఫోన్‌లోని యాప్‌కు పంపి కేలరీలు, మాంసకృత్తులు, పిండిపదార్థాలు, కొవ్వుల లెక్క చూపే ఎలక్ట్రానిక్ త్రాసు. బరువు పడినప్పుడు లోపలి స్ట్రెయిన్ గేజ్ విద్యున్నిరోధం మారుతుంది. ఆ మార్పే గ్రాములుగా కనిపిస్తుంది. ఈ గేజ్‌ను 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ విడివిడిగా రూపొందించారు. టేర్ మీట గిన్నె బరువును మినహాయిస్తుంది.

త్రాసు కొలిచేది బరువు మాత్రమే. పోషక విలువలు పట్టికల నుంచి వస్తాయి. భారతీయ ఆహారాలకు ముఖ్య ఆధారం హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన 528 ఆహారాల పట్టిక. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కిలోకేలరీలు, అంతే బరువున్న అన్నంలో సుమారు 130 ఉంటాయి. అందువల్ల తూచినది బియ్యమా, అన్నమా అన్నది సరిగా నమోదు కాకపోతే లెక్క రెండింతలకు మించి తప్పుతుంది. పప్పు, పులుసు వంటి వాటికి దినుసులనూ నూనెనూ విడిగా తూచి, వడ్డించిన వంతుకు లెక్కగడతారు.