ఎండుమట్టి వెంట వచ్చిన ప్రాణి

ఆస్ట్రేలియా ఖండమున క్వీన్స్‌లాండ్ సీమయందు, రాక్‌హాంప్టన్ పట్టణమునకు చేరువనున్న గ్రేస్‌మియర్ అను మడుగులోని యెండుమట్టిని కార్ల్ లుమ్‌హోల్ట్జ్ అను నార్వే యాత్రికుడు స్వదేశమునకు పంపగా, అచ్చటి జంతుశాస్త్రవేత్త గేయోర్గ్ ఒసియన్ సార్స్ దానిని నీట కలిపి గాజుపాత్రలలో నుంచి కనిపెట్టుచుండెను. నిర్జీవమని తోచిన యా మట్టినుండి సూక్ష్మప్రాణులు వెలువడి నీట చలింపజొచ్చెను. వానిలో నొకదానికి, మట్టి పంపిన వాని పేరు నిలుచునట్లు, 1885లో డాఫ్నియా లుమ్‌హోల్ట్జీ యని యాయన నామకరణము చేసెను. పిడికెడు మట్టితో నొక మడుగు జీవము సముద్రములు దాటిన యీ వృత్తాంతము నాకెన్నటికిని పాతబడదు.

డాఫ్నియా జంతుప్లవకముల కోవలోనిది. రొయ్యకు దూరపు జ్ఞాతి. దేహము ఒకటి రెండు మిల్లీమీటర్లే యైనను, ఈ జాతికి తలపై మొనదేలిన శిరస్త్రాణమును, వెనుక దేహమంత పొడవుగల ముల్లును ఉండుటచే చేపపిల్లలకు దీనిని మ్రింగుట దుష్కరము. చేపలు విడుచు రసాయనములు నీట సోకినచో నా ముండ్లు మరింత దీర్ఘములగును. అనుకూలకాలమున ఆడువి మగవాని పొందు లేకయే సంతానమును కనును; కాలము ప్రతికూలించినపుడు మగవి పుట్టి, రెండేసి గ్రుడ్లు జీనువంటి గట్టి కవచమున భద్రమై యడుగునకు చేరి, నీరింకినను చెడక వేచియుండును.

ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మన భారతదేశము దీని పుట్టినిండ్లు. వేసవిలో అడుగంటి తొలకరికి నిండు మన చెరువుల నెరిగినవారికి ఆ కవచపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

అమెరికాలో నిది 1990 ప్రాంతమున టెక్సస్ జలాశయమొకదానిలో కానవచ్చి, మిస్సోరి మొదలగు రాష్ట్రములకు ప్రాకి, 1999 నాటికి ఈరీ సరస్సు చేరెను. పిమ్మట బ్రెజిల్‌లోను కనబడెను. ఆఫ్రికానుండి టెక్సస్‌కు తెచ్చిన నైలు పర్చ్ చేపల వెంట వచ్చియుండునని శాస్త్రజ్ఞుల యూహ. నదులకు అడ్డుకట్టలు వైచి మనుష్యుడు నిర్మించిన జలాశయములే దీనికి ముఖ్యముగ ఆతిథ్యమొసగినవి. నడివేసవిని నీరు వెచ్చబడి స్థానిక డాఫ్నియాలు క్షీణించు వేళనే యిది విజృంభించును. దీనిని దుష్టప్రాణి యనుటకు నా మనసొప్పదు. ఇంత దూరము దీనిని మోసికొనిపోయినది మనమే.

ఒక సరస్సునుండి మరియొక సరస్సునకు పడవను కొనిపోవువారు దానిని కడిగి యారబెట్టవలెనని అమెరికాలోని యధికారులు హెచ్చరింతురు. ఆరబెట్టినచో నీదులాడు ప్రాణులు చచ్చును. పడవ అడుగున అంటిన మట్టిలోని జీనువంటి కవచములందలి గ్రుడ్లు మాత్రము, సార్స్ గాజుపాత్రలలో నాడు మేల్కాంచినవానివలెనే, మరల తడి తగులువరకు నిద్రించును.