పార పట్టిన యువత: మిజో కొండల్లో ఒక సేవా సంఘం చరిత్ర



సంచిక వేసుకున్న ప్రతిసారీ మన వీరుల గురించి, మన పోరాటాల గురించి రాసుకుంటాం. రాసుకోవాలి కూడా. ఈసారి మాత్రం మన అడవులకు చాలా దూరంలో, దేశానికి ఈశాన్యపు అంచున ఉన్న కొండల్లో బతికే మిజోల గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది. వాళ్లూ మనలాగే పోడు కొట్టుకుని బతికినవాళ్లు, అడవిని నమ్ముకున్నవాళ్లు. కరువు చూశారు, తుపాకులు చూశారు, ఊళ్లకు ఊళ్లు ఖాళీ కావడం చూశారు. ఆ తర్వాత శాంతినీ చూశారు. ఆ దారిలో వాళ్ల యువజన సంఘం ఏం చేసిందో, ఎక్కడ తడబడిందో మనం తెలుసుకోవడం మంచిది.

ఆ సంఘం పేరు యంగ్ మిజో అసోసియేషన్. అందరూ వై.ఎం.ఏ. అంటారు.

చావు ఇంటి ముందు

మిజోరంలో ఒక పేటలో ఎవరైనా చనిపోతే ఆ వార్తను మైకులో చెబుతారు. పేటను వాళ్లు 'వెంగ్' అంటారు. దాదాపు ప్రతి వెంగ్‌కూ, ఊరికీ వై.ఎం.ఏ. శాఖ ఉంటుంది. మైకు వినబడగానే యువకులు చేతిలో పని ఆపి బయలుదేరతారు. కొందరు పార, గడ్డపలుగు పట్టుకుని శ్మశానానికి వెళ్లి గొయ్యి తవ్వుతారు. కొందరు శవపేటిక చేసే పని చూస్తారు. మరికొందరు చావు ఇంటికి బెంచీలు మోసుకొస్తారు. రాత్రి ఆ ఇంటివాళ్లను ఒంటరిగా వదలరు. యువతీ యువకులు వచ్చి కూర్చుని తెల్లవార్లూ పాటలు పాడతారు.

పోయినవాడు ధనవంతుడా, దినకూలీయా అని చూడరు. బతికుండగా వాడితో తగాదా ఉందా అని అడగరు. ఈ పనికి కూలి లేదు. గొయ్యి తవ్వించుకోవడానికి ఆ ఇంటివాళ్లు ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు, అప్పు చేయాల్సిన పని అంతకన్నా లేదు.

అడవిలో దారి తప్పినవాళ్లను, నదిలో కొట్టుకుపోయినవాళ్లను వెతకడానికి కూడా ముందుగా కదిలేది వీళ్లే. దిక్కులేని ముసలివాళ్లకు ఇల్లు కట్టడం, ఊరి బాట బాగుచేయడం, చెట్లు నాటడం, చిన్న చిన్న గ్రంథాలయాలు నడపడం కూడా శాఖల పనులే. ఊరంతా కలిసి చేసే ఇలాంటి పనిని మిజోలు 'హ్నత్లాంగ్' అంటారు. మన గూడేల్లో ఒకరి ఇల్లు కప్పడానికి అందరూ వచ్చి చెయ్యి వేసినట్టే అనుకోండి.

జోల్‌బుక్ నుంచి వచ్చిన గుణం

ఈ అలవాటు ఒక్కరోజులో పుట్టింది కాదు. పాతకాలపు మిజో ఊళ్లో నాయకుడి ఇంటి దగ్గర్లో 'జోల్‌బుక్' అనే పెద్ద ఇల్లు ఉండేది. పెళ్లికాని యువకులంతా రాత్రిళ్లు అక్కడే పడుకునేవారు. శత్రువు దాడి చేసినా, పులి వచ్చినా, ఇల్లు కాలినా ముందుగా లేచి పరిగెత్తేది వాళ్లే. చిన్నపిల్లలు జోల్‌బుక్ పొయ్యికి కట్టెలు మోసేవారు. వేట, కుస్తీ, ఊరి కట్టుబాట్లు, పెద్దల ఎదుట ఎలా మెలగాలో అక్కడే నేర్చుకునేవారు. బస్తర్ మురియాల గోటుల్ గురించి విన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అయితే గోటుల్‌లో అబ్బాయిలూ అమ్మాయిలూ ఉండేవారు, జోల్‌బుక్ మగపిల్లలకే.

అక్కడ నేర్పిన గుణానికి మిజో భాషలో 'త్లోమ్‌ఙైనా' అని పేరు. దీన్ని మన భాషలో ఒక్క మాటలో చెప్పడం కష్టం. తన సుఖం వెనక్కి నెట్టి ఎదుటివాడి కష్టానికి ముందు నిలబడటం, చేసిన మేలు చెప్పుకోకపోవడం, మంచి పనిలో మరొకరి కంటే వెనకపడటానికి సిగ్గుపడటం, ఇవన్నీ అందులో ఉన్నాయి. వేటకు పోయిన జట్టులో ఒకడు జబ్బుపడితే వాణ్ని వీపు మీద మోసుకొచ్చినవాడే ఊరికి గొప్పవాడు.

1889-90 సైనిక దండయాత్రతో ఆ కొండలు బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాయి. 1894లో మిషనరీలు వచ్చారు. మిజో భాషను రోమన్ లిపిలో రాయడం మొదలైంది, బడులు వచ్చాయి, చర్చీలు వచ్చాయి. ఊళ్ల మధ్య దాడులు ఆగిపోయాయి కాబట్టి కాపలాకు జోల్‌బుక్ అవసరం తగ్గింది. పిల్లలు రాత్రిళ్లు ఇంట్లో దీపం దగ్గర చదువుకోవడం మొదలుపెట్టారు. 1938లో ఆ ఏర్పాటును అధికారికంగానే ఎత్తేశారు.

పెద్దలకు అప్పటికే ఒక దిగులు పట్టుకుంది. ఇల్లు పోతే పోయింది, అందులో నేర్పిన గుణం కూడా పోతే పిల్లలు ఏమైపోతారు? ఆ దిగులులోంచే 1935 జూన్ 15న ఐజోల్‌లో యంగ్ లుషాయ్ అసోసియేషన్ పుట్టింది. వేల్స్ నుంచి వచ్చిన మిషనరీలు, చదువుకున్న మిజోలు కలిసి దాన్ని మొదలుపెట్టారు. 'లుషాయ్' అనేది నిజానికి ఒక తెగకు చెందిన పేరు. అన్ని తెగలూ కలిసొచ్చేలా 1947లో 'మిజో' అని మార్చుకున్నారు. మనది ఏ గోత్రమైనా, ఏ తెగైనా ఒక్క గొడుగు కింద కూర్చోవాలంటే పేరు దగ్గరే మొదలుపెట్టాలని వాళ్లు గ్రహించారు.

సంఘం మూడు లక్ష్యాలు పెట్టుకుంది. తీరిక సమయాన్ని మంచికి వాడటం, మిజో సమాజం బాగుకు పాటుపడటం, క్రైస్తవ నీతిని గౌరవించడం. మొదటి లక్ష్యాన్ని గమనించండి. తీరిక సమయమట! ఉద్యమం చేద్దామనో అధికారం పట్టుకుందామనో వాళ్లు మొదలుపెట్టలేదు. సాయంత్రం పూట ఖాళీగా ఉన్న కుర్రవాడికి ఒక పని చూపించడంతో మొదలుపెట్టారు.

వెదురు పూసిన ఏడాది

మిజో కొండల్లో ఒక రకం వెదురు దాదాపు 48 ఏళ్లకు ఒకసారి పూస్తుంది. అడవంతా ఒకేసారి పూసి, కాసి, చచ్చిపోతుంది. ఆ కాయలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. కాయలు అయిపోగానే పోడు చేల మీద పడి వడ్లన్నీ తినేస్తాయి. ఈ కరువును 'మౌతామ్' అంటారు. 1911-12లో వచ్చింది, మళ్లీ 1959లో వచ్చింది.

రాబోతోందని పెద్దలకు ముందే తెలుసు. జిల్లా కౌన్సిల్ అప్పటి అస్సాం ప్రభుత్వాన్ని హెచ్చరించింది కూడా. కొండవాళ్ల మూఢనమ్మకమని కొట్టిపారేశారు. కరువు వచ్చింది. సాయం ఆలస్యమైంది. ఆకలితో ఉన్నవాళ్లకు బియ్యం మోసిన కుర్రవాళ్లలోనే కోపం పెరిగింది. లాల్‌డెంగా నాయకత్వంలోని కరువు సహాయ సంఘం 1961లో మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966 మార్చి 1న ఆ ఫ్రంట్ స్వాతంత్ర్యం ప్రకటించింది. మార్చి 5న భారత వైమానిక దళం ఐజోల్ మీద బాంబులు వేసింది.

1967 నుంచి ఊళ్లను ఖాళీ చేయించడం మొదలైంది. తిరుగుబాటుదారులకు అన్నం దొరక్కుండా చేయాలని 764 ఊళ్లలో 516 ఊళ్ల జనాన్ని తరలించి రోడ్ల పక్కన సుమారు 110 కేంద్రాల్లో కుక్కారు. పాత ఊళ్లు తగలబడ్డాయి. పోడు పోయింది, కర్ఫ్యూ వచ్చింది. పగలు సైన్యం అడుగుతుంది, రాత్రి అడవిలోని వాళ్లు అడుగుతారు. ఇద్దరికీ జవాబు చెప్పలేక మధ్యలో నలిగిన జనం బాధ మన ఏజెన్సీలో చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇరవై ఏళ్లు అలా గడిచాయి. ఆ కాలంలో చర్చి పెద్దలు ఇటు ప్రభుత్వంతో, అటు అడవిలోని నాయకులతో ఓపిగ్గా మాట్లాడుతూ వచ్చారు. చివరికి 1986 జూన్ 30న ఢిల్లీలో మిజో ఒప్పందం కుదిరింది. ముఖ్యమంత్రిగా ఉన్న లాల్ థన్‌హవ్లా పదవి వదులుకుని లాల్‌డెంగాకు చోటిచ్చారు. 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. తిరుగుబాటు జరిగిన చోట ఇంత గట్టిగా నిలిచిన ఒప్పందాలు మన దేశంలో చాలా తక్కువ.

ఆ కాగితం మీద వై.ఎం.ఏ. సంతకం లేదు. మరి శాంతిలో దాని పాత్ర ఏమిటి?

ఒప్పందం నాయకుల మధ్య జరుగుతుంది. ఆ తర్వాత ఊళ్లో బతకాల్సింది మామూలు జనం. అడవి నుంచి తిరిగొచ్చినవాడు, సైన్యానికి దారి చూపించాడని పేరుపడ్డవాడు, ఇద్దరి వల్లా కొడుకును పోగొట్టుకున్న తల్లి ఒకే వీధిలో ఉంటారు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలంటే ఏదో ఒక పని వాళ్లను ఒకచోటికి తేవాలి. చావు ఇంటికి అందరూ రావాలన్న కట్టుబాటు ఆ పని చేసింది. ఒకే గొయ్యిని పక్కపక్కన నిలబడి తవ్వినవాళ్లు మర్నాడు పలకరించుకోకుండా ఎన్నాళ్లుంటారు? శాంతి గురించి ఉపన్యాసం ఇవ్వకుండానే శాంతికి కావాల్సిన అలవాటును ఆ సంఘం నిలబెట్టిందని నేను అనుకుంటాను.

ఇటీవలి కాలంలోనూ ఆ అలవాటు పనికొచ్చింది. కోవిడ్ లాక్‌డౌన్‌లో పేటల్లో ఏర్పడిన కార్యదళాల్లో వై.ఎం.ఏ. సభ్యులు కాపలా కాశారు, సరుకులు చేరవేశారు. 2021లో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు తర్వాత సరిహద్దు దాటి వచ్చిన వేలాది మంది చిన్ శరణార్థులకు, 2023లో మణిపూర్ అల్లర్ల నుంచి పారిపోయి వచ్చిన కుకీ-జో కుటుంబాలకు శాఖలు తిండి, బట్టలు, తలదాచుకునే చోటు చూపించాయి.

ఇదే కథలో మరో పేజీ

ఇంతవరకే చెప్పి ఆపితే అది పొగడ్త అవుతుంది, చరిత్ర అవదు.

మిజోరం పశ్చిమ భాగంలో బ్రూ అనే మరో గిరిజన జాతి ఉంది. వాళ్ల భాష వేరు, ఆచారాలు వేరు. 1997లో బ్రూ సంఘాలు తమకు స్వయంపాలిత జిల్లా కౌన్సిల్ కావాలని అడిగాయి. మిజో సంఘాలు దాన్ని గట్టిగా వ్యతిరేకించాయి, వై.ఎం.ఏ. కూడా అందులో ఉంది. ఆ అక్టోబరులో బ్రూ మిలిటెంట్ల చేతిలో ఒక మిజో అటవీ ఉద్యోగి చనిపోయాడు. దాంతో గొడవలు చెలరేగి, 30 వేలకు పైగా బ్రూలు ఇళ్లు వదిలి త్రిపుర శిబిరాలకు పారిపోయారు. 2020 జనవరిలో వాళ్లను త్రిపురలోనే స్థిరపరచడానికి ఒప్పందం కుదిరేదాకా, అంటే ఇరవై రెండేళ్లకు పైగా, ఆ శిబిరాల్లోనే పిల్లలు పుట్టి పెద్దవాళ్లయ్యారు.

సరిహద్దు దాటి వచ్చిన చుట్టాలకు తలుపు తెరిచిన సమాజమే, తన పక్క ఊళ్లో ఉన్న వేరే జాతి విషయంలో అలా ఉండలేకపోయింది. మత్తుమందుల మీద పోరాటంలోనూ సంఘం కొన్నిచోట్ల చట్టాన్ని తన చేతుల్లోకి తీసుకుందన్న విమర్శ ఉంది. ఊరంతా మాట వినే సంఘానికి బలం ఎక్కువ. ఆ బలం ఎవరి కోసం, ఎవరి మీద అన్న ప్రశ్న ఎప్పటికప్పుడు వేసుకోకపోతే సేవ చేసిన చేతులే తోసేసే చేతులవుతాయి.

మన గూడెం సంగతి

ఈ మాట మనకు దూరపుది కాదు. 2017 డిసెంబరులో ఉట్నూరు ప్రాంతంలో ఆదివాసీలకు, లంబాడీలకు మధ్య గొడవలు జరిగినప్పుడు ఎంత తొందరగా పక్కింటివాళ్లు పరాయివాళ్లయ్యారో మనం చూశాం. హక్కుల గురించి అడగడం తప్పు కాదు. అది కోర్టులో, సభలో, ప్రభుత్వం ముందు గట్టిగా అడగాల్సిందే. కానీ ఒకే బస్సెక్కి, ఒకే సంతకు పోయి, ఒకే ఆసుపత్రి వరండాలో పడుకునే జనం రేపు కూడా కలిసే బతకాలి. పక్క తండాలో ఎవరైనా చనిపోతే గొయ్యి తవ్వడానికి మన కుర్రవాళ్లు పారలు పట్టుకుని వెళ్లగలరా? వాళ్లు మన గూడేనికి రాగలరా? మన సంఘం ఎంత పెద్దదో చెప్పేది సభ్యుల సంఖ్య కాదు, ఈ ప్రశ్నకు మనం ఇచ్చే జవాబే.

మొదలుపెట్టడానికి పెద్ద నిధులు అక్కర్లేదు. మిజోలు తీరిక సమయంతో మొదలుపెట్టారు. మన ఊళ్లో పది మంది పేర్లు రాసుకుందాం. రాత్రిపూట గర్భిణిని రోడ్డు దాకా మోయాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ప్రతి ఇంటికీ తెలిసేలా చూద్దాం. మన ఇంటి మనిషి అయినా, మనతో పడనివాడైనా చావు ఇంటికి వెళ్దాం. దండారీ బృందం ఊరూరా తిరిగినప్పుడు ఒక ఊరు మరో ఊరికి అన్నం పెట్టి పంపే సంప్రదాయం మనకు ఉండనే ఉంది. ఆ మర్యాదను పండుగ నుంచి మిగతా రోజులకు, మన జాతి నుంచి పక్క జాతికి కొంచెం జరిపితే చాలు.

ఈ సంచిక చదివిన తర్వాత మీ ఊళ్లో ఈ వారం ఎవరింట్లో కష్టం ఉందో ఒకసారి ఆలోచించండి. అక్కడికి వెళ్లేటప్పుడు మరో ఇద్దరిని వెంట తీసుకెళ్లండి.

జోహార్.