పూచీకత్తు దగ్గర ఆగిపోయే హక్కు

చిన్న కేసులో అరెస్టయినవారికి చట్టం చూపే దారులు నిన్న మొన్న పుట్టినవి కావు. బెయిలబుల్ నేరమైతే బెయిలు హక్కేనని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడే చెప్పింది. స్టేషన్ అధికారి జామీనుదారు లేకుండా సొంత పూచీకత్తు మీదే మనిషిని ఇంటికి పంపవచ్చనీ అందులో ఉంది. కాకపోతే అలా పంపడం ఆయన ఇష్టం. ఆ ఇష్టాన్ని మెల్లమెల్లగా బాధ్యతగా మార్చడమే తర్వాతి చరిత్ర. అరెస్టుకు కారణం చెప్పాలి, లాయరును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి అని 1950లో రాజ్యాంగం 22వ అధికరణం కట్టడి చేసింది.

అసలు చిక్కు షూరిటీల దగ్గర. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిలిచ్చింది. కింది మేజిస్ట్రేటు పదివేలకు షూరిటీ అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీనూ కాదన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు చాలన్నారు. తెలుగువాడు బస్తర్‌లోనో చాందినీ చౌక్‌లోనో పట్టుబడితే అక్కడ ఆస్తిపరుడైన జామీనుదారును ఎక్కడ తెస్తాడనీ ఆ తీర్పులో నిలదీశారు. వలసకూలీలు ఎక్కువైన ఈ రోజుల్లో ఆ ప్రశ్నకు పదును పెరిగిందే గాని తగ్గలేదు. షూరిటీ లేకపోతే ముద్దాయి పారిపోడా అనేవారున్నారు. ఆ భయం ఉత్తిదేమీ కాదు, కానీ మనిషిని ఊళ్లో నిలిపేది ఇల్లూ పనీ పిల్లలూ. పట్టాదారు పాస్‌బుక్ కాదు. పైగా వాయిదాకు ఎగ్గొడితే బెయిలు నిరాకరించే అధికారం కోర్టుకు ఉండనే ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన 2005 సవరణతో, బెయిలబుల్ కేసుల్లో షూరిటీ తేలేని పేదను సొంత పూచీకత్తు మీద వదలక తప్పని స్థితి వచ్చింది. వారంలోగా జామీను ఇవ్వలేకపోతే అతణ్ని పేదగానే ఎంచాలి.

అరెస్టే అక్కర్లేని చోట నోటీసు ఇచ్చి పిలిపించే 41ఏ సెక్షను అదే కోడ్‌లో 2010లో అమల్లోకి వచ్చింది. ఏడేళ్లలోపు శిక్షపడే కేసుల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు గట్టిగా చెప్పింది. ఆ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35వ సెక్షనులో ఆ నోటీసు కొనసాగుతోంది. ఇంత గొడవెందుకు, నేరం ఒప్పుకుని జరిమానా కట్టేస్తే పోలేదా అంటారు కొందరు. కోర్టు చుట్టూ తిరిగితే కూలి పోయేవాడికి అది నిజంగానే ఊరట. అయితే జరిమానా కూడా శిక్షే. సర్కారు కొలువుకు నింపే ఫారంలో దాని సంగతి రాయాల్సి వస్తుంది. మామూలు కొట్లాట కేసైతే రాజీ దారీ ఉంది. వీటిలో ఏది మేలో తేల్చుకోవలసింది ఒప్పుకునే ముందే. అందుకు లాయరు ఫీజుకు డబ్బు లేదని వెనుకాడనక్కర్లేదు: 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతారు.