కరెంటు పోతే వచ్చే నెట్‌వర్క్

నరసరావుపేటలో నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీలో, ల్యాబ్ మూలన ఒక సర్వర్ ఉండేది. సర్వర్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. గుంటూరులో అసెంబుల్ చేయించిన డబ్బా. దాంట్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: డాట్‌నెట్ ల్యాబ్ కోసం విండోస్ సర్వర్ 2003, యునిక్స్ ల్యాబ్ కోసం సెంటాస్ 5. పొద్దున ఒక బ్యాచ్ విండోస్ మీద, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్ లినక్స్ మీద. 2008లో నేను ఫైనలియర్‌కి వచ్చేసరికి దానికి ఒక జబ్బు పట్టుకుంది. పొద్దున బాగున్న నెట్‌వర్క్, మధ్యాహ్నం లినక్స్ ఎక్కగానే పోయేది. స్విచ్ మీద ఆ పోర్టు లైటు కూడా వెలిగేది కాదు.

ల్యాబ్ అసిస్టెంట్ గురజాల వైపు పల్లెటూరి మనిషి, డిప్లొమా చదివాడు. మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం. ఆయన ఒకరోజు నాతో అన్నాడు, "చూడు తమ్ముడూ, కరెంటు బాగా పోయిన రోజు ఇది దానంతటదే బాగైపోద్ది. ఊరికే పోయొస్తే కాదు, యూపీఎస్ కూడా చచ్చిపోవాల." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. లాంగ్ నోట్‌బుక్ తీసి చూపించాడు. కరెంటు ఎప్పుడు పోయింది, ఎంతసేపు పోయింది, యూపీఎస్ ఆగిందా లేదా, తర్వాత నెట్‌వర్క్ వచ్చిందా లేదా. నెలన్నర రోజుల లెక్క. పావుగంట కోతలకి ఏమీ జరగలేదు. గంట దాటిన ప్రతి కోత తర్వాతా నెట్‌వర్క్ వచ్చింది. పొద్దున్నే తలుపు తీయగానే లినక్స్ ఎక్కించిన రోజుల్లో అసలు పోనే లేదు, ఎందుకంటే రాత్రిపూట వాచ్‌మన్ మెయిన్ ఆపేసి వెళ్తాడు.

ఇప్పుడు నేను బతుకుతెరువుకి చేసే పని ఇదే, సర్వర్లు ఎందుకు మొరాయించాయో కనిపెట్టడం. అంత శుభ్రమైన ప్రయోగాన్ని ఆఫీసులో కూడా అరుదుగా చూశాను. కానీ ఆ రోజుల్లో ఆ నోట్‌బుక్కుకి ఏ విలువా లేదు. లైటు వెలగడం లేదంటే కార్డు కాలిపోయింది, అంతే. కార్డు కాలిందంటే ఎవరో కాల్చారు. ఎవరు? మూడుపూటలా దాని దగ్గర ఉండేది ఒక్కడే.

అసలు డ్రైవర్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్తాను. నెట్‌వర్క్ కార్డు మీద ఒక చిప్పు ఉంటుంది. దాని లోపల రిజిస్టర్లు అనే చిన్న చిన్న గళ్ళుంటాయి. ఏ గడిలో ఏ అంకె రాస్తే చిప్పు నిద్ర లేస్తుందో, ఏ గడి చదివితే ప్యాకెట్ వచ్చిందని తెలుస్తుందో తయారుచేసిన కంపెనీకి తెలుసు. ఆ తెలిసినదాన్ని కోడ్‌గా రాస్తే అది డ్రైవర్. కంపెనీ విండోస్‌కి తనే రాసిస్తుంది. లినక్స్‌కి? లినక్స్ మొదటి పదేళ్ళ నెట్‌వర్క్ చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1990లలో ఆ డ్రైవర్లలో పెద్ద భాగం డొనాల్డ్ బెకర్ అనే ఒక్క మనిషి చేతిమీదుగా వచ్చాయి. నాసాకి చెందిన గొడార్డ్ కేంద్రంలో పనిచేసేవాడు. 1994లో థామస్ స్టెర్లింగ్, ఆయనా కలిసి మామూలు 486 కంప్యూటర్లు 16 తీసుకుని ఈథర్‌నెట్‌తో ముడేసి బేవుల్ఫ్ అనే చవక సూపర్‌కంప్యూటర్ కట్టారు. ఒక్క 10 మెగాబిట్ తీగ చాలదు కాబట్టి ఒక్కో మిషన్‌కి రెండేసి కార్డులు పెట్టి జమిలిగా నడిపారు. అది సాధ్యపడాలంటే కార్డు లోపలి మర్మం తెలియాలి, డ్రైవర్ చేతిలో ఉండాలి. అప్పటి చవక కార్డులన్నీ నోవెల్ వాళ్ళ ఎన్‌ఈ2000కి నకళ్ళు. నకళ్ళలో మళ్ళీ నకళ్ళు. కొన్ని కంపెనీలు చిప్పు కాగితాలు ఇచ్చేవి, కొన్ని ఎవరికీ చూపించమని సంతకం పెట్టించుకుని ఇచ్చేవి, కొన్ని అసలు ఇచ్చేవే కాదు. ఎన్విడియా మదర్‌బోర్డుల మీద ఉండే నెట్‌వర్క్ చిప్పుకి కాగితాలు బయటికి రాకపోతే, దాని ప్రవర్తన చూసి చూసి వెనకనుంచి కోడ్ రాసుకొచ్చారు వాలంటీర్లు. దానికి ఫోర్స్‌డెత్ అని పేరు కూడా పెట్టారు.

మన ఊళ్ళలో రాజ్యమేలింది మాత్రం రియల్‌టెక్. 8139 అనే నంబరు గుర్తుందా? 2000ల మొదట్లో అసెంబుల్డ్ కంప్యూటర్ కొన్న ప్రతి తెలుగు ఇంట్లోనూ, ప్రతి బ్రౌజింగ్ సెంటర్లోనూ ఆ చిప్పే. అది ఎంత నాసిరకమంటే, ఫ్రీబీఎస్‌డీకి దాని డ్రైవర్ రాసిన బిల్ పాల్ కోడ్ మధ్యలోనే కామెంట్ పెట్టి దాన్ని తిట్టిపోశాడు. వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ ప్రాసెసరే స్వయంగా మోసుకోవాల్సిన డిజైన్ అది. అయినా నాకు దానిమీద కోపం లేదు. చవకగా ఉండబట్టే పేట దాకా, మాచర్ల దాకా వచ్చింది. పైగా దాని గుట్టంతా రట్టయింది కాబట్టి ఏ లినక్స్‌లో పెట్టినా పనిచేసేది.

మా సర్వర్‌లో ఉన్నది దాని తర్వాతి తరం, మదర్‌బోర్డు మీదే అతికి వచ్చిన రియల్‌టెక్ గిగాబిట్ చిప్పు. లినక్స్‌లో దాని డ్రైవర్ పేరు ఆర్8169. ఫ్రాన్స్వా రోమ్యూ అనే ఆయన ఏళ్ళ తరబడి దాన్ని మోశాడు.

కంప్యూటర్ ఆపేసినా పూర్తిగా ఆరిపోదు. తీగ ప్లగ్గులో ఉన్నంతసేపూ పవర్ సప్లై నుంచి 5 వోల్టులు సన్నగా కారుతూనే ఉంటాయి. దూరం నుంచి కంప్యూటర్‌ని లేపే వేక్ ఆన్ లాన్ అనే సౌకర్యానికి అది కావాలి. విండోస్‌లో రియల్‌టెక్ వాళ్ళ సొంత డ్రైవర్, ఆ సౌకర్యం వాడుకలో లేకపోతే, షట్‌డౌన్ అప్పుడు చిప్పులో తీగతో మాట్లాడే భాగాన్ని నిద్రపుచ్చి వెళ్ళిపోయేది. మళ్ళీ విండోస్ ఎక్కితే తనే లేపుకునేది. లినక్స్ ఎక్కితే? అది నిద్రలో ఉందన్న సంగతే అప్పటి ఆర్8169కి తెలియదు. మామూలుగా మొదలుపెట్టేది. కార్డు కనిపిస్తుంది, డ్రైవర్ లోడవుతుంది, లింక్ మాత్రం రాదు, స్విచ్ మీద లైటు వెలగదు. ఆ 5 వోల్టులు కూడా పూర్తిగా పోతేనే చిప్పు తన నిద్ర మర్చిపోయి మొదటికొస్తుంది. అంటే తీగ పీకాలి. లేదంటే కరెంటు పోయి, ఆపై యూపీఎస్ కూడా చచ్చిపోవాలి.

అన్న చెప్పింది అక్షరాలా అదే.

తర్వాతి కెర్నల్స్‌లో, మొదలుపెట్టేటప్పుడు ఆ భాగాన్ని తట్టిలేపే చిన్న మార్పు చేరింది. వేరే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని నిద్రపుచ్చి ఉండొచ్చు అని ఆ మార్పు వెంట రాసిన మాటల్లోనే ఉంది. కానీ మా సెంటాస్ 5 కెర్నల్ 2.6.18, 2006 నాటిది. అప్‌డేట్ చేద్దామంటే ఆ సర్వర్‌కి నెట్‌వర్కే లేదాయె.

కొత్త కార్డు డబ్బులు అన్న జీతంలో కోశారు. గుంటూరు పోయి 8139 చిప్పున్న పీసీఐ కార్డు తెచ్చి బిగించాడు. మిషన్ ఆన్ చేస్తే మళ్ళీ నెట్‌వర్క్ లేదు! ఈసారి జబ్బు వేరే. సర్వర్ ఐపీ చిరునామా ఈథ్0 అనే పేరుకి, పాత చిప్పు మ్యాక్ అడ్రస్‌తో సహా రాసుంది. కొత్త కార్డుకి వచ్చిన పేరు ఈథ్1. కొత్త కార్డు తన పని తాను చేయడానికి సిద్ధంగానే ఉంది, దానికి చిరునామా ఇచ్చినవాళ్ళే లేరు. లినక్స్ ప్రపంచం ఈ పేర్ల గొడవతో చాలాకాలం సతమతమై, 2013 తర్వాత కార్డు ఏ స్లాట్‌లో ఉందో దాన్నిబట్టి పేర్లు పెట్టే పద్ధతికి మళ్ళింది. ఆ పేర్లు నోటికి తిరగవని తిట్టుకునే సీనియర్లు మా ఆఫీసులో ఇప్పటికీ ఉన్నారు. 2008లో మా ల్యాబ్‌లో మాత్రం దానికొక్కటే అర్థం: "కొత్తదాన్ని కూడా తగలేశాడు."

ఆ సాయంత్రం నేనే ఆ ఫైలు దిద్దాను. అది గొప్ప కోసం చెప్పడం లేదు. ఎందుకంటే అప్పటికి వారం ముందే, అరండల్‌పేటలో ఒక బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని వెతికితే, ఈ నిద్ర సంగతంతా నాకు దొరికింది. ఎక్కడెక్కడి వాళ్ళో ఇదే రోగం వర్ణించి, తీగ పీకి పెడితే పోతుందని రాశారు. ప్రింటవుట్ తీశాను, మూడు పేజీలు. హెచ్ఓడీకి ఇద్దామని ఫైల్లో పెట్టుకుని రెండుసార్లు ఆయన గది గుమ్మం దాకా వెళ్ళాను. ప్రాజెక్టు మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి. కార్డు కాలిందని తేల్చిందీ ఆయనే. రెండుసార్లూ వెనక్కొచ్చాను.

మా ప్రాంతానికి ఇలాంటిది కొత్తేమీ కాదు. గురజాల, మాచర్ల రెండు రాజ్యాలై కొట్టుకున్న కథని శ్రీనాథుడి పేరుతో ఉన్న పల్నాటి వీరచరిత్ర దగ్గర్నుంచి వీధి కథల దాకా ఎన్నోరకాలుగా చెప్పుకుంటూ వచ్చాం. అన్నదమ్ముల ఆస్తి తగాదా, మగాళ్ళ పంతాలు, పందెంకోళ్ళు, అన్నీ అందులో ఉన్నాయి. జనం నోట్లో మాత్రం మొత్తం నింద నాయకురాలు నాగమ్మ మీదకి చేరింది. కారెంపూడిలో వీరులకి ఇప్పటికీ ఏటా ఉత్సవం చేస్తాం. ఆమె మాట వచ్చేసరికి మాత్రం కుట్రలు తప్ప గుర్తుకు రావు. కథని ఎవరు చెప్తున్నారన్నదాన్నిబట్టి తప్పు ఎవరిదో తేలుతుంది.

సరిగ్గా మా ల్యాబ్‌లో ఇది జరుగుతున్న నెలల్లోనే ప్రపంచంలో ఇంకో కార్డు గొడవ నడుస్తోంది. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 2008 సెప్టెంబరు నాటికి, ఇంకా విడుదల కాని లినక్స్ 2.6.27 కెర్నల్ వేసి పరీక్షిస్తున్నవాళ్ళ ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు నిజంగానే చచ్చిపోవడం మొదలైంది. రీబూట్ చేసినా, తీగ పీకినా బాగవవు. కార్డు తన గుర్తింపు, అమరికలు దాచుకునే చిన్న మెమరీలో చెత్త పడిపోతోంది. అందరి వేలూ ఈ1000ఈ అనే డ్రైవర్ వైపే. చచ్చిన కార్డులన్నీ దానివే మరి. ఉబుంటు తన రాబోయే వెర్షన్లో ఆ డ్రైవర్నే ఆపేసింది. ఇంటెల్ ఇంజనీర్లు తమ దగ్గర దాన్ని తిరిగి రప్పించడానికే తంటాలు పడ్డారు. కొందరి అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి మళ్ళింది. చివరికి ఎవరూ దోషిని పట్టుకోకుండానే, ఆ మెమరీకి తాళం వేసే జాగ్రత్తతో అక్టోబరు 9న కెర్నల్ విడుదల చేశారు.

దోషి తర్వాత దొరికింది. అది డ్రైవర్ కాదు. కెర్నల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో గమనించడానికి స్టీవెన్ రోస్టెడ్ట్ రాసిన ఎఫ్‌ట్రేస్ అనే పనిముట్టు. తప్పులు పట్టుకోవడానికి పెట్టినది! అది ఫంక్షన్ల చిరునామాలు రాసిపెట్టుకుని, తర్వాత వెళ్ళి అక్కడి కోడ్‌ని దిద్దుతుంది. కొన్ని ఫంక్షన్లు మొదట్లో ఒక్కసారే పనికొస్తాయి, అయిపోగానే ఆ చోటు ఖాళీ చేస్తారు. అదే చిరునామాకి తర్వాత నెట్‌వర్క్ కార్డు మెమరీ వచ్చి చేరొచ్చు. ఎఫ్‌ట్రేస్ పాత చీటీ పట్టుకుని అక్కడికెళ్ళి, పాత కోడ్ ఉందో లేదో చూసే దిద్దేది, జాగ్రత్తగానే. కానీ పోల్చి రాసే ఆ ఒక్క ప్రాసెసర్ ఆదేశం, పోలిక కుదరకపోయినా చదివినదాన్నే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీకి అది ఏమీ కాదు. కార్డు మెమరీకి ప్రాణాంతకం. కొద్దిరోజుల్లోనే వచ్చిన 2.6.27.1లో ఆ భాగాన్ని ఆపేశారు.

ఈ కథలో నాకు నచ్చేది ఆ సాంకేతిక చమత్కారం కాదు. అన్ని వారాలూ నింద మోసిన డ్రైవర్‌కి నోరుంది. దాని తరఫున కోడ్ చదివేవాళ్ళున్నారు, వాదించేవాళ్ళున్నారు, ప్రతి ఉత్తరం అందరికీ కనిపించేలా ఉంది. మా ల్యాబ్‌లో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది, మూడు పేజీల ప్రింటవుట్ ఉంది, రెండూ ఎవరూ చదవలేదు.

ఇప్పుడు సర్వర్లలో గొడవ డ్రైవర్ నుంచి ఫర్మ్‌వేర్‌కి మారింది. చిప్పులోకి ఎక్కించాల్సిన ఆ మూసిన ఫైలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి డెబియన్ ఏళ్ళ తరబడి ఇన్‌స్టాలర్లో పెట్టలేదు. నెట్‌వర్క్ కార్డు పనిచేయాలంటే ఆ ఫైలు కావాలి, ఆ ఫైలు తెచ్చుకోవాలంటే నెట్‌వర్క్ కావాలి. 2022లో ఓటింగ్ పెట్టుకుని, ఆ ఫైళ్ళని ఇన్‌స్టాలర్లోనే ఇవ్వాలని నిర్ణయించారు. సిద్ధాంతం వైపున్న మిత్రులకి అది ఓటమి. గుంటూరు బస్సెక్కి సీడీ తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి నేను మాత్రం సంతోషించాను.

అన్న ఆ ఏడాదే కాలేజీ మానేశాడు. పోయినేడు మాచర్లలో ఒక పెళ్ళిలో కనిపించాడు. సీసీ కెమెరాలు, ఫైబర్ కనెక్షన్ల పని చేస్తున్నాడు, ఇద్దరు కుర్రాళ్ళు ఆయన కింద ఉన్నారట. భోజనాల దగ్గర 5 వోల్టుల సంగతి, నిద్రపోయే చిప్పు సంగతి మొత్తం చెప్పాను. ప్రింటవుట్ సంగతి కూడా చెప్పాను. విస్తరి మీదనుంచి తలెత్తకుండా విన్నాడు.

"కరెంటు పోతే వచ్చుద్దని నేను అప్పుడే చెప్పా గదా," అన్నాడు.

ఆ నోట్‌బుక్ ఇంకా ఉందా అని అడిగాను. అక్కడే సర్వర్ బల్ల సొరుగులో వదిలేసి వచ్చానన్నాడు.