వైఫై పేరు: వేళాకోళమూ, నిఘా భయమూ

వైఫై పెట్టెకు (రౌటరుకు) దాని యజమాని పెట్టుకునే పేరును సాంకేతిక పరిభాషలో ఎస్.ఎస్.ఐ.డి. అంటారు. 1997లో వెలువడిన 802.11 ప్రమాణం ప్రకారం ఆ పేరు 32 బైట్లకు మించరాదు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగు, కన్నడ లిపులలో మాత్రం హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, పొల్లుకు మరో మూడు బైట్లు కావలెను. సౌర విద్యుత్ పార్కు విస్తరించిన ఐదు గ్రామాలలో ఒకటైన మన క్యాతగానచెర్లు పేరునే చూడవచ్చు. తెలుగులో రాస్తే అందులో 14 సంకేతాలున్నాయి, అనగా 42 బైట్లు. కనుక ఊరి పేరు పూర్తిగా పట్టదు. ఇదే కూర్పుతో కన్నడంలో రాసినా అంతే. 'పావగడ' అయితే 15 బైట్లతో సులువుగా ఇముడుతుంది. పేర్లు ఎక్కువగా ఆంగ్ల లిపిలోనే కనబడడానికి ఈ కొలత కూడ ఒక కారణం కావచ్చు.

రౌటరు సాధారణంగా సెకనుకు సుమారు పదిసార్లు తన పేరును చాటుతూ ఉంటుంది. సంకేతపదం (పాస్‌వర్డు) లోపలి సమాచారాన్ని కాపాడుతుందే గాని పేరును దాచదు. ఇంటి గోడ మీద రాసిన రాతవలె దానిని ఇరుగుపొరుగువారు, దారిన పోయేవారు అందరూ చదువగలరు. ఈ సదుపాయమే వేళాకోళానికి దారితీసింది. అమెరికాలో 'ఎఫ్.బి.ఐ. నిఘా వ్యాన్' అనే పేరు పెట్టుకోవడం ఎంతగా వాడుకైనదంటే, ఇప్పుడది పాతబడిన హాస్యం. వీధి చివర పోలీసు బండి నిలిచి తమ మాటలు వింటున్నదేమో అన్న అనుమానాన్ని జనం నవ్వుగా మార్చుకున్నారు.

అయితే ఆ నవ్వును చదివేవారందరూ నవ్వరు. 2016లో ఫ్రాన్సు దేశపు దిజాన్ నగరంలో ఒక యువకుడు తన వైఫైకి ఉగ్రవాద సంస్థ పేరుకు జిల్లా సంఖ్యను జోడించి పెట్టగా, న్యాయస్థానం మూడు నెలల శిక్ష విధించి, అమలును నిలిపి ఉంచింది. 2017 నవంబరు 30న నైరోబీ నుంచి ఇస్తాంబుల్ వెళ్తున్న టర్కిష్ విమానంలో బాంబు ఉన్నదనే అర్థం వచ్చే వైఫై పేరు కనబడి, విమానాన్ని ఖార్టూమ్‌లో దించి తనిఖీ చేశారు. 2024 మార్చిలో మాస్కోలో ఒక విద్యార్థి ఉక్రెయిన్‌కు జయం పలికే పేరు పెట్టినందుకు పది రోజుల నిర్బంధం అనుభవించాడు. ఈ మూడింటిలో ఒకటి పరిహాసమో కాదో తేలనిది, ఒకటి బెదిరింపు, ఒకటి రాజకీయాభిప్రాయం. వాటిని ఒకే గాటన కట్టరాదు.

పావగడ తాలూకాలో ఈ విషయానికి వేరొక బరువున్నది. 2005 ఫిబ్రవరిలో వెంకటమ్మనహళ్ళిలోని పోలీసు శిబిరంపై నక్సలైట్లు దాడి చేయగా పోలీసులు మరణించారు. సరిహద్దుకు అటూ ఇటూ ఆ కాలపు సోదాలు చూసిన కుటుంబాలు ఇంకా ఉన్నాయి. నగరపు అపార్టుమెంటులో నవ్వు పుట్టించే పేరు ఇక్కడి వీధిలో ఎవరి గుండెలోనైనా గుబులు పుట్టించవచ్చు.

ఇక నిజంగా బండి వచ్చి వైఫైని విన్న సందర్భం ఒకటున్నది, కాని అది ప్రభుత్వపు బండి కాదు. వీధుల చిత్రాలు తీసే తన కార్లు పలు దేశాలలో సంకేతపదం లేని వైఫైల నుంచి సమాచారపు తునకలను కూడ సేకరించినట్లు 2010 మేలో గూగుల్ ఒప్పుకున్నది. ఆ సేకరణను మానివేసిన తరువాత 2011లో ఆ కార్లు బెంగుళూరుకు వచ్చాయి. భద్రతా కారణాలతో పోలీసులు కొద్ది వారాలలోనే వాటిని ఆపించారు. స్థల నిర్ణయం కొరకు ఫోన్లు ఇప్పటికీ చుట్టుపక్కల రౌటర్ల గుర్తింపు సంఖ్యలను గూగుల్‌కు చేరవేస్తుంటాయి. తమ రౌటరు ఆ పట్టికలో వద్దనుకునేవారు పేరు చివర అడుగు గీత, దాని వెంట ఆంగ్లంలో 'నోమ్యాప్' అనే ఐదు అక్షరాలు చేర్చవలెను. పరిహాసపు పేరుకన్నా ఆ ఆరు బైట్లు ఎక్కువ పనిచేస్తాయి.

ప్రభుత్వ నిఘాకు వ్యాన్ అవసరమే లేదు. అది సేవాసంస్థ వద్దనే, చట్టం పేరిట జరుగుతుంది. 1885 టెలిగ్రాఫ్ చట్టపు 5(2) సెక్షను కింద ఫోన్లు వినేవారు. ఇష్టం వచ్చినట్లు వినరాదని, ఉన్నతాధికారి ఉత్తర్వు, సమీక్షా సంఘం ఉండవలెనని 1996లో సుప్రీంకోర్టు నిర్దేశించింది. 2024 జూన్‌లో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టపు 20వ సెక్షను ఆ స్థానంలోకి వచ్చింది. కంప్యూటరు సమాచారానికి ఐ.టి. చట్టపు 69వ సెక్షను వర్తిస్తుంది. అధికారం దుర్వినియోగం కాదనుకోవడానికి కర్ణాటకవాసులకు వీలు లేదు. ఫోన్లను రహస్యంగా విన్న వ్యవహారంలో 1988 ఆగస్టులో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు తేల్చిన తీర్పు కూడ కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి పేరిట వేసిన వ్యాజ్యంలోనిదే.

సేవాసంస్థలు వాడకపు వివరాలను కనీసం రెండేళ్ళు భద్రపరచవలెనని 2021 డిసెంబరులో లైసెన్సు నిబంధన మారింది. ఆ వివరాలలో చందాదారు పేరుంటుంది, వైఫైకి పెట్టిన ముద్దుపేరు కాదు. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్ళకు కొన్ని నిమిషాల ముందు వచ్చిన ఈమెయిల్ జాడ నవీ ముంబైలోని ఒక ఇంటి వైఫై దగ్గర తేలింది. దానికి సంకేతపదం లేదు. ఎవరో వాడుకున్నారు, పోలీసులు వచ్చినది మాత్రం ఆ ఇంటి తలుపు వద్దకే. మరుసటి ఏడాది టెలికాం శాఖ వైఫైలకు తాళం ఉండేట్లు చూడవలెనని సేవాసంస్థలను ఆదేశించింది.