గుండె వైఫల్యం - నియంత్రక కణాల పాత్ర

గుండె వైఫల్యమనగా గుండె ఆగిపోవడం కాదు; దేహానికి చాలినంత రక్తాన్ని పంపే శక్తి దానికి తగ్గిపోవడం. ఆయాసం, నీరసం, పాదాల వాపు దీని ముఖ్య లక్షణాలు. గుండెపోటు, అధిక రక్తపోటు, కవాటాల జబ్బులు ప్రధాన కారణాలు. వ్యాధి ముదరడంలో రోగనిరోధక కణాలకూ పాత్ర ఉన్నది.

నియంత్రక కణాలు

దేహాన్ని రక్షించే కణాలు హద్దు మీరి సొంత దేహంపైనే దాడి చేయకుండా అదుపు చేసేవి నియంత్రక టి-కణాలు. వీటిని 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి గుర్తించారు. వీటికి ఆధారమైన ఫాక్స్‌పి3 జన్యువును 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ బృందం కనుగొన్నది. ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ బహుమతి లభించింది.

మేలు, కీడు

గుండెపోటు వచ్చినప్పుడు చచ్చిన కండరాన్ని తొలగించడానికి రక్షణ కణాలు చేరి వాపు కలిగిస్తాయి. ఆ వాపు అవసరమే. కాని సకాలంలో చల్లారాలి. ఆ పని నియంత్రక కణాలది. ఇవి లోపించిన ఎలుకలలో గుండె గాయం సరిగా మానలేదని 2014లో జర్మనీ పరిశోధకులు చూపారు.

దీర్ఘకాలిక దశలో కథ మారుతుంది. 2019లో వెలువడిన అమెరికా పరిశోధన ప్రకారం, గుండె వైఫల్యం నెలకొన్న ఎలుకలలో ఈ కణాలు సంఖ్యలో పెరిగినా స్వభావం మార్చుకొని వాపునే పెంచాయి. వాటిని తొలగించగా గుండె పనితీరు మెరుగుపడింది. తిరిగి పుట్టిన కణాలు మునుపటి శాంత స్వభావాన్ని పొందాయి. కనుక కణాల సంఖ్య ఒక్కటే కాదు, గుణమూ ముఖ్యమే.

చికిత్స

వాపును గుడ్డిగా అణచడం మేలు చేయదు. 2003లో వెలువడిన అధ్యయనంలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ మందును గుండె వైఫల్య రోగులపై పరీక్షించగా, ఎక్కువ మోతాదు తీసుకున్నవారికి హానే జరిగింది. స్వల్ప మోతాదు ఇంటర్‌ల్యూకిన్-2 ఇచ్చి నియంత్రక కణాలను పెంచే ప్రయత్నం గుండె రక్తనాళాల జబ్బున్నవారిలో జరిగింది. అది ఇంకా పరిశోధనే, గుండె వైఫల్యానికి వాడుక చికిత్స కాదు.

అందుచేత నిరోధకశక్తిని పెంచుతామని అమ్మే పొడులనూ కషాయాలనూ నమ్మి డాక్టరు ఇచ్చిన మాత్రలు మానరాదు. ఉప్పు తగ్గించాలి. రోజూ ఉదయం బరువు చూసుకోవాలి. మూడు రోజులలో రెండు కిలోలకు మించి పెరిగితే వెంటనే వైద్యుని కలవాలి. పొరుగు రాష్ట్రపు ఆసుపత్రికి వెళ్లేవారు పాత మందుల చీటీలు, ఎకో రిపోర్టులు వెంట తీసుకువెళ్లడం మరువరాదు.