తుంగభద్ర ఎడమ కాలువ ప్రాంతంలో తెలుగు రైతుల వలస: రెండు రాష్ట్రాల జీవన తులన

ప్రవేశిక:
వలస వెళ్ళిన రైతు కొత్త నేలను పాత ఊరి కొలతతోనే అంచనా వేస్తాడు. కోస్తా ఆంధ్ర నుండి నేటి కర్ణాటకలోని రాయచూరు, కొప్పళ జిల్లాలకు వెళ్ళి స్థిరపడిన రైతులు తాము వచ్చాకే ఆ నేల పండిందని భావించడం సహజం. ఈ భావనలోని సత్యాన్ని, అది విస్మరించిన అంశాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వలస నేపథ్యం:
ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. తరువాతి వందేళ్ళలో డెల్టా రైతుకు వరిసాగులో నైపుణ్యం, కొంత మిగులు ధనం సమకూరాయి. అదే సమయంలో కమతాలు చీలిపోయి, భూమి ధర పెరిగింది. మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు 1945లో శంకుస్థాపన చేసిన తుంగభద్ర జలాశయం నుండి 1953లో నీరు విడుదలైంది. డెల్టాలో ఎకరం అమ్మిన సొమ్ముతో ఎడమ కాలువ కింద అనేక ఎకరాల రేగడి భూమి కొనడం సాధ్యమైంది. గంగావతి, సింధనూరు పరిసరాలలో ఏర్పడిన ఈ రైతుల ఆవాసాలకు ‘క్యాంపు’ అనే పేరు స్థిరపడింది. తాత్కాలిక బసను సూచించే ఆ మాట తరాలు మారినా ఊరి పేర్లలో నిలిచి ఉంది.

నీరు - పంట:
డెల్టాలో కాలువ అంటే వరి. తుంగభద్ర ఎడమ కాలువ ఉద్దేశం వేరు. కరవు ప్రాంతంలో వీలైనంత విస్తీర్ణానికి కొద్దికొద్దిగా నీరందించడం దాని లక్ష్యం. అందుకే ఆయకట్టులో అధిక భాగాన్ని జొన్న, పత్తి వంటి ఆరుతడి పంటలకు నిర్దేశించారు. వలస రైతులు భూమిని చదును చేసి, ఆ నిర్దేశాన్ని దాటి వరి వేశారు. స్థానిక రైతులూ క్రమంగా వారిని అనుసరించారు. గంగావతి ప్రాంతం కర్ణాటకకు ధాన్యాగారమైంది. అయితే కాలువ మొదటి భాగంలో వరి విస్తరించిన కొద్దీ మాన్వి, రాయచూరు వైపు చివరి ఆయకట్టుకు నీరు తగ్గింది. పీటర్ మొలింగా ఈ కాలువపై చేసిన పరిశోధన నీటి పంపిణీలోని ఈ అసమానతను, దాని వెనుక ఉన్న రాజకీయ సంబంధాలను వివరించింది. కనుక వలస రైతు శ్రమ ఎంత వాస్తవమో, చివరి తూము రైతు నష్టమూ అంతే వాస్తవం.

భాష - స్థానికత:
నీరు విడుదలైన నాటికి రాయచూరు హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1956 నవంబరు 1న మైసూరు రాష్ట్రంలో చేరింది. 1973లో ఆ రాష్ట్రం కర్ణాటక అయింది. తొలి సంవత్సరాలలో వచ్చినవారికి ఊరు మారకుండానే రాష్ట్రం మారిందన్నమాట. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఏ అధికరణం చెబుతున్నా, ఉన్నత విద్యకు, ఉద్యోగానికి కన్నడం అవసరమైంది. దానితో తెలుగు చాలావరకు ఇంటి భాషగా మిగిలింది. ఆంధ్రలో 371డి అధికరణం కింద స్థానికతకు ప్రధానంగా అక్కడి చదువు, నివాసమే ఆధారం. అందువల్ల క్యాంపులో చదివిన విద్యార్థి తాతల జిల్లాలో స్థానికేతరుడు. 98వ సవరణతో వచ్చిన 371జె అధికరణం పుట్టుక, నివాసాల ప్రాతిపదికన అతనిని కల్యాణ కర్ణాటక స్థానికుడిగా గుర్తించే వీలు కల్పించింది.

ముగింపు:
వలస కుటుంబాల జ్ఞాపకంలో తులన రెండు రాష్ట్రాల మధ్యే సాగుతుంది. చరిత్ర రచనలో దానికి మూడవ పక్షంగా చివరి ఆయకట్టు రైతునూ చేర్చాలి. క్యాంపుల మౌఖిక చరిత్రను సేకరించే పరిశోధకులు మాన్వి, రాయచూరు గ్రామాల కన్నడ కథనాలనూ దానితో కలిపి చదివినప్పుడే ఈ వలస చరిత్ర సమగ్రమవుతుంది.